నడిమి పోగు

మా గల్లీ పిల్లలు కొలువులని పుణెకో బెంగుళూరుకో బయలుదేరే ముందు నా దగ్గరికి వచ్చి ఒకటే మాట అడుగుతారు, కొత్త ఊరు ఎన్ని రోజులకు అలవాటవుతుందని. వాళ్ళకు రోజుల లెక్క కావాలి. నా దగ్గర ఆ లెక్క లేదు. నీళ్ళు వారంలో పడతాయి. తిండికి ఏడాది పడుతుంది. భాష, మీ నోరు సిగ్గు విడిచిన రోజున వస్తుంది. మిగతాది ఎప్పుడు అలవాటైందో చెప్పాలంటే మాత్రం నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెప్పాలి. చేసిన ఘనకార్యాలు చెప్పుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, కాబట్టి నేను తప్పు దగ్గరే మొదలుపెడతాను.

సూరత్‌లో ఇరవై మూడేళ్ళు మగ్గాల కార్ఖానాలో పోగులు అతికాను. పోయిన ఏడాదే మానేశాను. మగ్గం మీద పాత భీము అయిపోగానే కొత్త భీము ఎక్కిస్తారు. భీమంటే పడుగు దారాలన్నీ చుట్టి ఉన్న పెద్ద ఇనుప రోలు. పాత దారాల కొసలకు కొత్త దారాల కొసలు ఒక్కొక్కటే ముడేయాలి. నాలుగు వేల పైచిలుకు ముడులు. చెప్పడానికి ఒక్క ముక్కే గానీ, చేసి లేచేసరికి నడుము మనది కాదు.

ఈ పని నాకు మా అత్తమ్మ నేర్పింది. సిరిసిల్ల దగ్గరి పల్లె మాది, ఇంట్లో చేతిమగ్గం. అత్తమ్మ ఒక అంచున, నేను ఒక అంచున కూర్చుని, వేళ్ళకు బూడిద అద్దుకుంటూ, పోగులు అతుకుతూ నడిమికి వచ్చేవాళ్ళం. ఆమె నోరు మంచిది కాదు, చేయి మాత్రం బంగారం. "పోగు తప్పితే నడిమిట్ల తేలుతది పిల్లా, అంచులల్ల దాసుకోలేవు" అనేది. మా ఇద్దరి చేతులూ కలిసేచోట ఒక్క పోగు మాత్రం ముడేయకుండా వదిలేవాళ్ళం. ఆ నడిమి పోగును ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళు తెల్లారి స్నానం చేసి, మగ్గానికి బొట్టు పెట్టి ముడేయాలి. అప్పటిదాకా మగ్గాన్ని ఎవరూ ముట్టరు. మామ ఉన్నన్నాళ్ళు మామ, ఆయన పోయాక అత్తమ్మ. అన్ని సాలె ఇళ్ళలో ఇదే ఆనవాయితీయా అంటే నాకు తెలియదు. మా ఇంట్లో ఉండేది. మన ఇంట్లో ఉన్నదల్లా లోకమంతా ఉంటుందనుకునే వయసు నాది.

అత్తమ్మ పోయింది. చేతిమగ్గం గుడ్డను అడిగేవాళ్ళూ లేకుండా పోయారు. మా పక్క ఊరివాడే ఒక పెద్దమనిషి ముప్పై ఏళ్ళుగా సూరత్‌లో మగ్గాల మాస్టర్‌గా ఉన్నాడు. మాస్టరంటే మగ్గాలకు డాక్టరనుకోండి. మావైపు నాన్నను బాపు అంటాం, ఆయన్ను మనవాళ్ళంతా మాస్టర్ బాపు అనేవాళ్ళు. ఆయన కబురు పంపితే నేను, మా ఆయన, ఐదేళ్ళ బిడ్డ రైలెక్కాము. మా ఆయనకు ముప్పై నాలుగు, నాకు ముప్పై ఒకటి.

నవాగామ్‌లో రైలు పట్టాల దగ్గర గది. ఆరు గదులకు ఒక నల్లా. ఇంటి ఓనరు మమ్మల్ని చూసి ఇచ్చిన గది కాదది, మాస్టర్ బాపు "నేనున్న" అంటే ఇచ్చింది. భేస్తాన్‌లో ఇరవై నాలుగు మగ్గాల చిన్న కార్ఖానాలో మా ఆయనకు పని కూడా అట్లాగే దొరికింది. బాపు నోటి మాట మీదే మా సంసారమంతా నిలబడి ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

కొత్తలో నాకు అన్నిటి మీదా కోపమే. ఇక్కడి పప్పు మొదటిసారి నోట్లో పెట్టుకుని, పొరపాటున పాయసం గిన్నె నా ముందు పెట్టారేమో అనుకున్నాను. చింతపండు అడిగితే కిరాణావాడు ఇక్కడివాళ్ళు పులుపుకు వాడే కోకమ్ తొక్కలు చేతిలో పోశాడు. ఆటోను రిక్షా అంటారని తెలియక, రిక్షా ఎక్కి రమ్మన్న మా ఆయనతో సైకిలు తొక్కేవాణ్ణి అంత దూరం ఎట్లా తొక్కిస్తామని కొట్లాడాను. పక్క గదిలో ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీ ఆమె ఉండేది. ఆమె జొన్న రొట్టె చేస్తుంటే తట్టే చప్పుడు గోడలోంచి వినిపించేది. ఆ చప్పుడు విని మొదటిసారి ఏడ్చాను. అది చూసి ఆమె రెండు రొట్టెలు తెచ్చి నా చేతిలో పెట్టింది. మేమిద్దరం ఒకరి భాష ఒకరికి రాకుండానే ఏడాది మాట్లాడుకున్నాము.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది వేరే. ఊళ్ళో బిడ్డకు ఒళ్ళు కాలితే దిష్టి తీయాలా, దవాఖానకు పోవాలా అని చెప్పడానికి ఒక పెద్ద మనిషి ఉండేది. తిట్టేది, తిట్టి దారి చెప్పేది. ఇక్కడ మా గదికి మేమే పెద్దవాళ్ళం. అడగడానికి ఎవరూ లేని ఊళ్ళో ప్రతి చిన్న పనీ బరువే అనిపించేది.

వచ్చిన నాలుగో నెలలో ఎండాకాలం పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. పోగులు అతికేవాళ్ళంతా యూపీ, బీహార్ వైపు తమ ఊళ్ళకు పోయారు. కార్ఖానాలో ఒక మగ్గం కొత్త భీము ఎక్కించుకుని నాలుగు రోజులుగా ఊరికే నిలబడి ఉంది. మా ఆయన మాస్టర్ బాపుతో నా సంగతి చెప్పాడు. మగ్గాల మధ్య ఆడమనిషి ఏంటని కార్ఖానా యజమాని శేఠ్ ముఖం చిట్లించాడు.

"ఒక్కసారి జూడుండ్రి శేఠ్. చెయ్యి బాగలేకుంటే నన్ను తిట్టుండ్రి" అన్నాడట మాస్టర్ బాపు, హిందీలో.

ఇస్త్రీ బండివాడి దగ్గర బొగ్గుల బూడిద అడిగి, జల్లెడ పట్టి, డబ్బాలో పోసుకుని పోయాను. ఎడమ అంచున కూర్చుని మొదలుపెట్టాను. పాలిస్టర్ దారం నూలు దారంలా చెప్పినమాట వినదు, జారిపోతుంది. మధ్యాహ్నానికి చేయి దారిలో పడింది. నడిమికి వచ్చాక లేచి, మగ్గం చుట్టూ తిరిగి, కుడి అంచున కూర్చుని మళ్ళీ నడిమికి రావడం మొదలుపెట్టాను. చుట్టుపక్కల మగ్గాలు నడిపే కారీగర్లు నవ్వారు. నేరుగా పోతే అయిపోయే పనికి ఈ ప్రదక్షిణం ఎందుకని వాళ్ళ నవ్వు. నాకు వేరేగా చేయడం రాదు. ఆ వైపు అత్తమ్మ లేదు కనుక ఆమె వాటా కూడా నేనే అతికాను.

రెండో రోజు పొద్దు వాలేసరికి నాలుగు వేల పోగులూ అయ్యాయి, ఒక్కటి తప్ప. నడిమి పోగు. దాన్ని చేతిలో పట్టుకుని చుట్టూ చూశాను. ఇక్కడ పెద్దవాళ్ళెవరు? మాస్టర్ బాపే. తెల్లారి కుంకుమ తెచ్చి, బాపు చేత ముడేయించాలనుకున్నాను. ఆయన అప్పటికే ఇంటికి పోయాడు. పోగును పైకి వేసి, లేచి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు. నడిమి పోగు ముడిపడకుండా మగ్గాన్ని ముట్టకూడదని అందరికీ తెలిసిందే కదా.

తెల్లారేసరికి బిడ్డకు జ్వరం. రెండు రోజులు దవాఖాన చుట్టూ తిరిగాను. మగ్గం నా కోసం ఆగి ఉంటుందనే నా మనసులో ఉంది. మూడో రోజు కుంకుమ పొట్లం కొంగున కట్టుకుని కార్ఖానాలో అడుగుపెడితే మగ్గం ధనధనా నడుస్తోంది. గుడ్డ రోలు మీద లావుగా చుట్టుకుంది. వంగి చూశాను. తెల్ల గుడ్డ నడుమ, పైనుంచి కిందిదాకా, వెంట్రుక అంత గీత. నేను కాకుండా ఇంకెవరూ చూడని గీత. నేను లేని రెండు రోజుల్లో కారీగర్లు వేలాడుతున్న ఆ ఒక్క పోగును చెత్త దారమనుకుని కత్తిరించి మగ్గం వేశారు, అంటే నడిపించారు.

మా ఆయన వేరే వరస మగ్గాల మీద ఉన్నాడు. చెవిలో సంగతి చెప్పాను. ఆ మోతలో చెవిలో అరిచినా మూడోవాడికి వినబడదు.

"నీకేమన్న దిమాక్ ఉన్నదానే? ఇది మనిల్లా?" అన్నాడు.

"ఎవలన్న ముడేయకముందే మగ్గం ఏస్తరని నాకెట్ల తెలుసు?"

"సరే, ఊకో. నేను జూస్త."

టీ వేళకు ఆ మగ్గం కారీగర్ బయటికి పోగానే, మా ఆయన మగ్గం ఆపి, బాబిన్ నుంచి ఒక దారం తీసి, ఆ ఖాళీ సందులోంచి లాగి ముడేశాడు. ఐదు నిమిషాల పని. మగ్గం మళ్ళీ నడిచింది. గీత మాయమైంది. కొత్త గుడ్డ పాలలా వస్తోంది. కానీ అప్పటికే నేసిన గుడ్డ పొద్దు వాలేలోపే తాకాలుగా మడిచి వ్యాపారి దగ్గరికి పోయింది. తాకా అంటే ఒక నిడివి గుడ్డ మడత.

"చెప్పుదామా బాపుకు?" అన్నాను ఆ సాయంత్రం.

"ఏమని చెప్తవ్? మనమొచ్చి నాలుగు నెలలు గాలే. పని పోతే గది పోతది. గది పోతే బిడ్డ బడి పోతది. నాలుగు వేల పోగులల్ల ఒక్కటి. ఎవలు జూస్తరే?"

బిడ్డను మున్సిపాలిటీ తెలుగు బడిలో చేర్పించి నెల కూడా కాలేదు. ఈ ఊళ్ళో దానికి బడి దొరికిన రోజున మేం సగం గెలిచామనుకున్నాము. నేను నోరు మూసుకున్నాను. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరం వారం రోజులు గడిపాము. ఆ వారంలో మాస్టర్ బాపు రెండుసార్లు మా గదికొచ్చాడు. నా చేతి చాయ తాగి, "నీ ముడి మంచిగున్నది బిడ్డా, శేఠ్ రెండో భీము గూడ నీకే ఇయ్యమన్నడు" అన్నాడు. ఆ చాయలో చక్కెర వేశానో ఉప్పు వేశానో ఇప్పటికీ గుర్తు లేదు.

రెండో భీము అతకడానికి పోయిన రోజునే తాకాలు వెనక్కి వచ్చాయి. వ్యాపారి దగ్గర గుడ్డ చూసేవాళ్ళుంటారు. వాళ్ళ కన్ను గద్ద కన్ను. శేఠ్ ఒక తాకా విప్పి ట్యూబ్‌లైట్‌కు అడ్డంగా పట్టుకున్నాడు. గీత ఇంకా సన్నగా ఉంటే బాగుండేదని ఆ క్షణంలో ఎంత మొక్కుకున్నానో. అది అందరికీ కనిపించింది.

"యే క్యా హై మాస్టర్?" ఇదేంటని అడిగాడు.

మాస్టర్ బాపు మగ్గం ఆపించాడు. ఇనుప పళ్ళ దువ్వెనలాంటి రీడ్ ముందు కూర్చుని, ఒక్కో పన్ను వేలితో తడుముతూ చూశాడు. పళ్ళన్నీ బాగానే ఉన్నాయి. పోగులన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇప్పుడు నేస్తున్న గుడ్డలో గీత లేదు. మా ఆయన చేసిన ఆ ఐదు నిమిషాల పని ఎంత పాడు పనో నాకు అప్పుడు తెలిసింది. తప్పు మగ్గం మీదే ఉండి ఉంటే ఆయన పట్టుకునేవాడు, చెప్పేవాడు, బాగుచేసేవాడు. మేము తప్పును తుడిచేసి, దాని మచ్చను మాత్రం ఆయనకు వదిలిపెట్టాము.

గంటసేపు చూశాక శేఠ్ అన్నాడు, కోపంగా కూడా కాదు. "మాస్టర్, ఆంఖ్ కమ్జోర్ హో గయీ. అబ్ ఘర్ బైఠో."

కళ్ళు పోయాయి, ఇక ఇంట్లో కూర్చోమన్నాడు. ముప్పై ఏళ్ళు మగ్గాలకు నాడి చూసిన మనిషితో, ఇరవై మంది ముందు.

మాస్టర్ బాపు ఎదురు చెప్తాడనుకున్నాను. మనవాళ్ళందరిలోకి నోరున్న మనిషి. ఆయన రీడ్ మీద నుంచి చేయి తీసి, నా పక్కనున్న స్టూలు మీద కూర్చుని, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"నిజమే బిడ్డా. ఈ నడుమ సన్న పోగు ఆనుతలేదు. ఎవలకు జెప్పలే. గిట్ల తప్పిపోతదని నాకు తెల్వదా?"

మీరు ఏదైనా తప్పు చేసి దాచుకుని ఉంటే చెప్తున్నాను, తిట్టు పడటం సులువే. మీ తప్పును ఇంకో మనిషి తనదే అని నమ్మడం చూడటం చాలా కష్టం. నా చేతిలో పోగులున్నాయి. వాటిని వదిలేసి లేచాను. మా ఆయన అవతలి వరసలోంచి నన్ను చూస్తున్నాడు, వద్దన్నట్టు తల ఊపుతున్నాడు. నేను శేఠ్ ముందుకు పోయి నిలబడ్డాను. నాలుగు నెలల్లో నాకు వచ్చిన హిందీ అంతా కలిపి రెండు మాటలు.

"గల్తీ మేరా." తప్పు నాదని.

ఆ తర్వాత మాట కోసం వెతికాను, దొరకలేదు. తెలుగులోకి దిగిపోయాను.

"బాపూ, నువ్వు జెప్పు ఆయనకు. నేను నడిమి పోగు ఇడిసిపెట్టిన."

మాస్టర్ బాపు నన్ను అర్థం కానట్టు చూసి, అలవాటు కొద్దీ శేఠ్‌కు హిందీలో చెప్పాడు. నేను ఒక్కో మాట అంటుంటే ఆయన ఒక్కో మాట మారుస్తూ పోయాడు. రెండు అంచుల నుంచి అతికాను. ఆయన చెప్పాడు. మా ఇంట్లో ఆఖరి పోగు పెద్దవాళ్ళు ముడేస్తారు. ఆయన చెప్పాడు. నేను అది మా బాపు చేత వేయిద్దామని ఆపాను. అక్కడ ఆయన ఆగాడు. నేను మళ్ళీ అన్నాను, ఆయన పేరు పెట్టి కాదు, "మా బాపు చేత" అనే. ఆయన ఆ మాటను హిందీలో చెప్పలేదు. చేయి తన ఛాతీ మీద పెట్టుకుని శేఠ్‌కు చూపించాడు.

మిగిలింది కూడా చెప్పాను. జ్వరం సంగతి, మగ్గం నడుస్తుండగా చూడటం, మా ఆయన దారం లాగటం, వారం రోజుల మౌనం. చెప్తుంటే భయం పోయింది. ఇక దాచుకున్నదేమీ మిగల్లేదు. గది పోతుంది, బడి పోతుంది, రేపు మళ్ళీ రైలు, అనుకున్నాను.

శేఠ్ నోరు తెరిచేలోగా గుమ్మం దగ్గర నుంచి ఒక గొంతు వచ్చింది. శేఠ్ తల్లి. అందరూ ఆమెను బా అనేవాళ్ళు, అమ్మ అని దానర్థం. రోజూ పొద్దున ఒకసారి వచ్చి మొదటి మగ్గం ముందు అగరొత్తి వెలిగించి పోయేది. సూరత్ పాత ఊళ్ళో వాళ్ళదీ నేతపని ఇల్లే, ఒకప్పుడు ఇంట్లో చేతిమగ్గాల మీద జరీ నేసేవాళ్ళట. అప్పటికి ఇవేమీ నాకు తెలియవు. తెల్లచీర కట్టిన, కోపిష్ఠి ముసలమ్మ అని మాత్రం తెలుసు. ఆమె మెల్లిగా నడుచుకుంటూ వచ్చి, నేను అతుకుతున్న భీము దగ్గర నిలబడి, రెండు అంచులూ చూసి, నడిమిట్లో వేలు పెట్టింది. నా వైపు తిరిగి గుజరాతీలో అడిగింది.

"మనే కేమ్ న బోలావీ?"

మాస్టర్ బాపు తెలుగులో చెప్పాడు. "నన్నెందుకు పిలువలే అంటున్నది బిడ్డా."

నేను ఏం చెప్పను? మీరు పెద్దవాళ్ళని తెలుసు గానీ మా పెద్దవాళ్ళని తెలియదు అని చెప్పనా? నిలబడి ఏడ్చాను. ఈ ఊరొచ్చాక అందరి ముందు ఏడవడం అదే మొదలు. ఆమె ఓదార్చలేదు. అట్లాంటి మనిషి కాదు. కొడుకు వైపు తిరిగి గబగబా ఏదో అంది. శేఠ్ తాకాల వైపు చూపించి ఏదో అడ్డం చెప్పబోయాడు. ఆమె గీత మీద వేలితో కత్తెరలా కోసి చూపించింది. తర్వాత తెలిసింది ఆ మాట. గుడ్డను ఆ గీత వెంటే నిలువునా చీల్చి, చీరలకు ఫాల్ కుట్టుకునే పట్టీలకు ఇచ్చేయమందట. గీత ఉంది కనుక కత్తెర దారి తప్పదులే అందట. ముసలమ్మకు నోరెంతో బుర్ర అంత.

మా పని పోలేదు, బాపు పనీ పోలేదు. అట్లాగని అంతా సంతోషంగా ముగిసిందనుకోకండి. శేఠ్ నాతో ఆరు నెలలు మాట్లాడలేదు, భీములు మాత్రం ఇచ్చాడు. అంతకన్నా బాధ, మాస్టర్ బాపు మా గదికి రావడం మానేశాడు. పదిహేను రోజులు చూసి నేనే ఆయన గదికి పోయాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒక కంటికి పచ్చ గుడ్డ కట్టు.

"ఆపరేషన్ చేయించుకున్న" అన్నాడు. "మోతిబిందు అట, కంట్ల శుక్లం. శేఠ్ అన్నదాంట్ల అబద్ధమేం లేదు."

"బాపూ, నేను ముందే చెప్తే బాగుండు."

"బాగుండు" అన్నాడు. అంతే. కంటి కట్టు సర్దుకుని మళ్ళీ అన్నాడు. "వారం రోజులు నీ చేతి చాయ తాగిన. ఒక్కనాడన్న నోరు రాలేదా నీకు?"

లేచి, ఒక కంటితోనే స్టవ్ వెలిగించి, ఈసారి ఆయన నాకు చాయ పెట్టాడు. తప్పు నాది, చూపు తక్కువ ఆయనది, రెండూ నిజమే కావడం వల్ల మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకోగలిగామని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ తర్వాత వచ్చిన భీముకు నడిమి పోగు ఆపి, బాకు కబురు పెట్టాను. ఆమె స్నానం చేసి కుంకుమ పళ్ళెంతో వచ్చింది. పోగు చేతిలోకి తీసుకోబోయి ఆగి, మాస్టర్ బాపు వైపు చూసి, మీ వయసెంతని అడిగింది. ఆయన అరవై రెండన్నాడు. ఆమె తనకు అరవై నాలుగంది. ఆయన తనకు అరవై రెండు కాగితాల మీద, నిజానికి ఇంకో మూడేళ్ళు ఉంటాయన్నాడు. కాగితాలైతే తనకసలు లేనే లేవని ఆమె అంది. ఇద్దరి పుట్టిన తేదీలు చెప్పే మనిషి ఈ భూమ్మీద లేడు. మగ్గం అరగంట ఆగింది. శేఠ్ గడియారం చూసుకుంటూ బయట తిరుగుతున్నాడు. ఆఖరికి ఒక కొస ఆమె పట్టుకుంది, ఒక కొస ఆయన పట్టుకున్నాడు, ముడి నేనే వేశాను. బా తెల్లచీరలకు ముందు కట్టిన పాత చీర కొంగును పళ్ళెంతో పాటు తెచ్చుకుంది, అందులోంచి ఒక ఎర్ర పేలిక చింపి నా చేతికిచ్చింది. నడిమి పోగు ఆపినప్పుడల్లా మగ్గానికి ఇది కట్టాలి, ఇది ఉండగా ఎవరూ మగ్గం వేయకూడదు. ఇరవై నాలుగు మగ్గాల కార్ఖానాకు ఆ రోజు నుంచి అది చట్టమైంది. నెల కింద ఆ చట్టం అందరికీ తెలుసనుకున్న తెలివి నాది.

ఏళ్ళు గడిచాయి. బిడ్డ తెలుగు బడి దాటి, గుజరాతీ మాట్లాడే పిల్లలతో కొట్లాడి, వాళ్ళ భాషలోనే వాళ్ళను గెలిచి, ఇప్పుడు ఉధ్నాలో ఒక దవాఖానలో నర్సుగా ఉంది. పప్పులో నేనే చిటికెడు బెల్లం వేస్తున్నాను, ఈ సంగతి మా ఊరివాళ్ళకు చెప్పకండి. మాస్టర్ బాపు పోయాడు, తర్వాత బా పోయింది. నడిమి పోగు మాత్రం ఆగలేదు. అప్పటికి కార్ఖానాలో ఎవరు పెద్దయితే వాళ్ళది ఆ ముడి. కొన్నేళ్ళు ఒక ఒడియా కారీగర్, ఆయన తర్వాత గుడ్డ మడిచే యూపీ చాచా. వాళ్ళ దేవుడి పేరు వాళ్ళు తలుచుకునేవాళ్ళు. ఎవరిదైనా ముడి ముడే. వాళ్ళను పిలుచుకు రావడం నా పని.

మూడేళ్ళ కింద ముడులేసే మిషన్ వచ్చింది. నేను రెండు రోజులు చేసే పని అది గంటలోపు చేస్తుంది, నడుము పట్టిందనదు. నాకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. నా నడుముకు మాత్రం సంతోషమైంది. జగిత్యాల వైపు నుంచి కొత్తగా వచ్చిన ఒకామెకు శేఠ్ కొడుకు ఆ మిషన్ నేర్పించాడు. పోగు గుణం నేను నేర్పాను. ఆమె వచ్చిన కొత్తలో ఒక రోజు గుమ్మం దగ్గర కూర్చుని ఏడుస్తుంటే ఎందుకని అడగలేదు. జొన్న రొట్టె చేసి తెచ్చి చేతిలో పెట్టాను.

పోయిన ఏడాది నేను మానేసిన రోజు. టిఫిన్ డబ్బా, నా బూడిద డబ్బా సర్దుకుంటున్నాను. ఆమె వచ్చి కొత్త భీము దగ్గరికి రమ్మంది. మిషన్‌కు అంచు తెలుస్తుంది గానీ నడుమ తెలియదు. ఆమె దాన్ని సరిగ్గా నడిమిట్లో ఆపి, ఒక పోగు దాటించి, మిగతా సగం ముడులు వేయించింది. మగ్గానికి ఎర్ర పేలిక కట్టి ఉంది. చుట్టూ కారీగర్లు, మా ఆయన, శేఠ్ కొడుకు. కుంకుమ పళ్ళెం సిద్ధంగా ఉంది.

నేను కొంగుతో చెయ్యి తుడుచుకుని, అలవాటు కొద్దీ చాచా కోసం మడతల గదివైపు చూశాను. హోళీకే ఆయన పని మానేసి ఊరికి పోయాడని అప్పుడు గుర్తొచ్చింది. ఇంకెవరున్నారని వరస వరసా మగ్గాల మీదుగా ముఖాలు చూసుకుంటూ పోయాను. ఒక్కొక్క ముఖమూ నాకన్నా చిన్నదే.

"ఎవల కోసం జూస్తున్నవ్ పెద్దమ్మా?" అంది ఆ జగిత్యాల అమ్మాయి. "నువ్వే గదా."

మా ఆయన ఒక్కడే నాకన్నా మూడేళ్ళు పెద్దవాడు. ఆయన వైపు చూశాను. ఆయన ఇరవై మూడేళ్ళ కింద వద్దన్నట్టు ఊపిన తలను ఈసారి కానివ్వు అన్నట్టు ఊపాడు.

బూడిద డబ్బా మూత తీశాను. వేళ్ళకు అద్దుకుని నడిమి పోగు ముడేశాను. ఆమె ఎర్ర పేలిక విప్పి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టి, మగ్గం వేయమన్నాను.